ఓటమి గురించి అడిగే మనిషి

కళ్ళ పరీక్ష గదిలో దీపాలు ఆర్పేశారు. గోడ మీద అక్షరాల చార్టు ఒక్కటే వెలుగుతోంది.

"కింది లైను చదవండి," అన్నాడు కళ్ళజోళ్ళ షాపు యజమాని.

కుర్చీలో కూర్చున్న ఆమె చూపుకి ఏ లోపమూ లేదు. అయినా చివరి అక్షరం కావాలనే తప్పు చదివింది. అతను లేచి తలుపు గడియ పెట్టాడు. ఆ అక్షరం తప్పు చదవాలని తెలిసినవాళ్ళు ఊరు మొత్తం మీద కొద్దిమందే.

ఆ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ పేర్లుండవు, వరసలే ఉంటాయి. షాపు యజమానిగా కనిపించే చీఫ్ అందరికీ పెదనాన్న. పరికరాలు తయారుచేసేవాడు తోడల్లుడు. ఎవరికి తోడల్లుడని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆమె వదిన. అందరి మాటా ఓపిగ్గా వింటుంది, ఎవరి మాటా నమ్మదు. చేరిన మొదటి ఏడాదే ఆ వరస స్థిరపడిపోయింది.

"రాకెట్ల గురించి నీకేం తెలుసమ్మా?" అన్నాడు పెదనాన్న.

"పైకి వెళతాయని."

"చాలు. మనకి కావలసినవాళ్ళు కిందే ఉన్నారు." అతను అద్దం మార్చే నెపంతో దగ్గరికి జరిగాడు. "అంతరిక్ష రంగంలో మన స్టార్టప్‌లు వరసగా దెబ్బతింటున్నాయి. ఏళ్ళ తరబడి చెమటోడ్చి ఏదో ఒక కొత్త భాగం తయారుచేస్తారు. పేటెంట్‌కి దరఖాస్తు పెట్టబోయే ముందు, విదేశంలో ఒక కంపెనీ అదే వస్తువుకి దరఖాస్తు పెట్టేస్తుంది. ముందు పెట్టినవాడిదే హక్కు."

"హ్యాకింగా?"

"కంప్యూటర్లన్నీ విప్పి చూశాం. ఈగ కూడా దూరలేదు."

"మరి?"

"నష్టపోయినవాళ్ళంతా ఒకే చోట నోరు విప్పారు. యూనివర్సిటీలో ఒక పరిశోధన కేంద్రం ఉంది. అంతరిక్ష పరిశ్రమలో ఇన్నోవేషన్, ఆంట్రప్రెన్యూర్‌షిప్. కొత్త కంపెనీలు ఎలా పుడతాయి, ఎలా ఆలోచిస్తాయి, ఎందుకు మూతపడతాయి, ఇదీ వాళ్ళ సబ్జెక్టు. ఫౌండర్లని కూర్చోబెట్టి ఇంటర్వ్యూలు చేస్తారు. కంపెనీ పేరు బయటపెట్టబోమని మాటిస్తారు."

"నిలబెట్టుకుంటారా?"

"అక్షరాలా." పెదనాన్న మీట నొక్కాడు. చార్టు స్థానంలో ఆ కేంద్రం అచ్చేసిన పరిశోధన పత్రంలోని ఒక వాక్యం వచ్చింది. 'కంపెనీ-సి: అంతరిక్షంలోనే ఉపగ్రహానికి ఇంధనం నింపడానికి పనికొచ్చే వాల్వ్‌ను తయారుచేస్తున్న, దేశంలోని ఏకైక సంస్థ.'

వదిన రెండుసార్లు చదివింది.

"పేరు దాచారుగా," అన్నాడు పెదనాన్న.

"ముఖానికి ముసుగేసి, చేతిలో ఇంటి అడ్రసు పెట్టినట్టుంది."

"ఈ దొంగతనాల వెనకున్న ముఠా ఎవరిని పట్టుకోవాలో ఆ పత్రం చదివే నిర్ణయించుకుంటోంది. ఇప్పుడు వాళ్ళ కన్ను కంపెనీ-సి మీద పడింది. ఒక అమ్మాయి, ఆమె తమ్ముడు, బస్ డిపో వెనక ఒక రేకుల షెడ్డు. ఉపగ్రహంలో అన్నీ బాగానే ఉన్నా ఇంధనం అయిపోతే అది చచ్చినట్టే. వీళ్ళ వాల్వ్ ఉంటే దానికి మళ్ళీ ప్రాణం వస్తుంది. దానిలో కీలకం ఇంధనం కారకుండా ఆపే సీల్. అంత చలిలోనూ పగలని సీల్ దేనితో చేశారో అక్కాతమ్ముళ్ళకి తప్ప మూడో మనిషికి తెలియదు. ఈ మధ్యాహ్నం టెస్ట్ రిపోర్టు చేతికొస్తుంది. సాయంత్రం దరఖాస్తు పెడతారు. ఈలోపల యూనివర్సిటీలో సెమినార్, ఆ అమ్మాయితో చివరి ఇంటర్వ్యూ."

"ఇంటర్వ్యూకి వెళ్ళొద్దని చెబితే సరిపోతుందిగా."

"చెబితే ఈ పిల్ల గట్టెక్కుతుంది. ముఠా ఇంకో పిల్ల దగ్గరికి వెళుతుంది. నాకు పిల్లా క్షేమంగా ఉండాలి, ముఠా కూడా చిక్కాలి."

మళ్ళీ మీట నొక్కాడు. ఫొటోలో నెరిసిన గడ్డంతో ఒక పెద్దమనిషి కారు దిగుతున్నాడు. తనని తాను ఇన్వెస్టర్‌నని చెప్పుకుంటాడు. అతని పక్కన ముదురు ఆకుపచ్చ గౌను, మెడచుట్టూ పట్టు స్కార్ఫ్, ఎవరి వైపూ చూడకుండానే అందరి చూపునీ లాగేసుకునే నవ్వు.

వదిన కుర్చీలో నిటారుగా కూర్చుంది. "మన మరదలు."

"రెండేళ్ళ కిందట మనమే పంపాం, వాళ్ళలో కలవమని. బాగా కలిసిపోయింది. కొన్ని నెలలుగా ఒక్క కబురు లేదు."

"ఆమెకి పని నేర్పింది నేను."

"అందుకే నిన్ను పంపుతున్నా. అటు మొగ్గిందని తేలితే నువ్వే చూసుకోవాలి."

వదిన పరీక్ష కోసం పెట్టిన అద్దాలు తీసి, అక్కర లేకపోయినా, చాలాసేపు తుడిచింది.

బయటికి వెళుతుంటే ఫ్రేములు సర్దుతున్న తోడల్లుడు ఒక పెన్ను అందించాడు. "స్లయిడ్ల మీద చూపించే పాయింటర్. మామూలుగా ఎర్రచుక్క పడుతుంది. ఎవరి దగ్గరైనా ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుంటే, అటు తిప్పగానే చుక్క పచ్చగా మారుతుంది."

"పోయినసారి నువ్విచ్చిన గొడుగు వానకి తెరుచుకోలేదు."

"అది గొడుగు కాదని అప్పుడే చెప్పాగా వదినా."

*

వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పరిశోధకురాలి వేషం వేసుకోవడానికి వదినకి పెద్దగా శ్రమ పట్టలేదు. కాస్త నలిగిన కోటు, మెడలో కార్డు, ఉచితంగా ఇచ్చిన గుడ్డ సంచి, కళ్ళ కింద రెండు గీతలు. అక్కడున్న సగం మంది అలాగే ఉన్నారు.

సెమినార్ హాల్లో ఏసీ పాత బస్సులా మూలుగుతోంది. వేదిక మీద కేంద్రం డైరెక్టర్ మాట్లాడుతున్నాడు. టైమ్ అయిపోయిందని గంట కొట్టారు. ఆయన తలూపి, నీళ్ళు తాగి, ఇంకో అధ్యాయంలోకి వెళ్ళాడు. ప్రైవేటు అంతరిక్ష కంపెనీలు ఎలా ఎదుగుతాయో చెప్పడానికి ఆయన ఒక మోడల్ కనిపెట్టాడు. నాలుగు వలయాలు, మధ్యలో బాణం గుర్తులు. స్లయిడ్ ఏదైనా ఆ వలయాలు ఒక మూలన ఉండనే ఉన్నాయి.

వదిన పక్క కుర్చీలో పాతికేళ్ళు దాటిన అమ్మాయి. గోళ్ళ అంచుల్లో గ్రీజు మరక, కడిగినా పోని రకం. ఫోన్‌లో తమ్ముడికి మెసేజ్ పెడుతోంది. ఆమే ఫౌండర్.

"మీరూ ఇంటర్వ్యూ ఇచ్చారా?" అంది వదిన, నలుగురిలో పలకరించినట్టు.

"చాలాసార్లు మేడమ్. ఇవాళ ఆఖరిది."

"విసుగు రాదూ?"

"డైరెక్టర్ గారితో అయితే వస్తుంది. ఆయనే ప్రశ్న అడిగి, ఆయనే జవాబు చెప్పేస్తారు. మాకు విజిటింగ్ ప్రొఫెసర్ గారు దొరికారు." వేదిక పక్కన కూర్చున్న తెల్లజుట్టు మనిషిని కళ్ళతో చూపించింది. విదేశీయుడే అయినా ఇక్కడి భాష ఇక్కడివాళ్ళకంటే శుభ్రంగా మాట్లాడతాడని పేరు. చెవిలో వినికిడి మిషన్, ఒళ్ళో చేతులు, ముఖంలో తాతయ్య నవ్వు. "వాల్వ్ ఎలా పనిచేస్తుందని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు తెలుసా? ఎక్కడెక్కడ ఓడిపోయావమ్మా అని అడుగుతారు."

"ఓడిపోయినవా?"

"ఏ లోహం చీలిపోయింది, ఏ రబ్బరు గాజులా విరిగింది, ఎన్నిసార్లు ఏడ్చాను, అన్నీ." ఆమె గొంతు కాస్త తగ్గింది. "ఇంట్లో మా అమ్మకి ఒకటే ప్రశ్న. ఎప్పుడవుతుందే, ఎప్పుడవుతుందే అని. మా తమ్ముడైతే పాడైన ముక్కల్ని చూడలేక అట్టపెట్టెలో పడేస్తాడు. ఇన్నేళ్ళలో నా పాడైపోయిన పనుల గురించి కూర్చుని విన్నది ఆయనొక్కరే."

వదిన మనసులో లెక్క కట్టింది. పనికిరానివన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తే మిగిలేది పనికొచ్చేదే. ఈ పిల్ల నాలుగు గోడలూ తనే చూపించేసింది. ఇక తలుపు ఒక్కటే మిగిలింది.

కానీ ఇంటర్వ్యూలు డైరెక్టరూ వింటాడు. ఇన్వెస్టర్ ఈ కేంద్రానికి సలహాదారు, అతనికీ అందుతాయి. అతని వెనకే మరదలు. అనుమానం ఇంతమంది మీద ఉన్నప్పుడు ఒకరి మీదే వేలు పెట్టడం తొందరపాటు. వదిన నోట్స్ రాసుకుంటున్నట్టు వంగి, పెన్ను డైరెక్టర్ వైపు తిప్పింది. ఎర్రచుక్క. విజిటింగ్ ప్రొఫెసర్ చెవి మీదికి తిప్పింది. ఎర్రచుక్కే. ముందు వరసలో ఉన్న ఇన్వెస్టర్ భుజం మీద, ఎరుపు. అతని పక్కనే ఉన్న మరదలు స్కార్ఫ్ మీదికి చుక్క జరిగింది.

పచ్చ.

మరదలు తల తిప్పలేదు. చెవి దగ్గర జుట్టు వెనక్కి తోసుకుంది. అది వదిన నేర్పిన సైగే. 'నన్ను చూడకు' అని దానికర్థం. ఇప్పుడది మనవాళ్ళకి ఇచ్చే సంకేతమో, పట్టుబడ్డవాళ్ళు వేసే ఎత్తో చెప్పడం కష్టం.

ఇంతలో విజిటింగ్ ప్రొఫెసర్‌ని పిలిచారు. ఆయన లేచాడు, స్పష్టంగా మాట్లాడాడు, గంట కొట్టకముందే ముగించి కూర్చున్నాడు.

సభాధ్యక్షుడు గంట చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. హాల్లో ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు.

వదిన ఇదివరకు వేరే పనుల మీద ఇలాంటి సెమినార్లు చాలా చూసింది. ఇచ్చిన టైమ్‌లో ముగించిన ప్రొఫెసర్ ఆమెకి ఎక్కడా కనపడలేదు. పైగా ఈయన తన పాత పుస్తకం ఒక్కటి కూడా తలుచుకోలేదు. చెయ్యెత్తింది.

"మీ శాంపిల్ చాలా చిన్నది," అంది. "మీరు చెప్పిన ముక్క మీకంటే ముందే వేరేవాళ్ళు చెప్పారు. మీకంటే బాగా చెప్పారు."

హాల్లో ఊపిరి బిగబట్టారు. వెనక వరసలో ఎవరో నిద్ర లేచారు.

విజిటింగ్ ప్రొఫెసర్ చిరునవ్వు నవ్వాడు. "మీరన్నది నిజమే మేడమ్. సరిదిద్దుకుంటాను. థాంక్యూ."

"నా మోడల్‌ని కూడా కలిపి అంటున్నారా?" వేదిక మీద నుంచి డైరెక్టర్ మైకు లాక్కున్నాడు. "శాంపిల్ చిన్నదంటే ఏమిటి మీ ఉద్దేశం? ఎవరు చెప్పారు ముందే? ఏ సంవత్సరం? ఏ జర్నల్?" మెడ దాకా ఎర్రబడ్డాడు. ఆయనని ఊరుకోబెట్టడానికి టీ విరామం ప్రకటించాల్సి వచ్చింది.

వదిన మనసులో డైరెక్టర్ మీద ఉన్న అనుమానం మంచులా విడిపోయింది. ఆ మంట నటిస్తే రాదు. తన పని మీద ఒకరు రాయేస్తే నిజమైన పరిశోధకుడు ఇలాగే లేస్తాడు. థాంక్యూ చెప్పి కూర్చున్నవాడికి ఆ పని సొంతం కాదు.

*

టీ గుంపులోంచి బయటపడేసరికి ఫౌండర్ కుర్చీ ఖాళీగా ఉంది. విజిటింగ్ ప్రొఫెసర్ కూడా లేడు.

ఇంటర్వ్యూ గది కారిడార్ చివర ఉంది. తలుపు మీద 'రికార్డింగ్ జరుగుతోంది' అనే అట్ట. లోపలి నుంచి తాళం. తలుపు మధ్యలో సన్నటి అద్దం. ఎదురెదురుగా ఇద్దరూ, ఫౌండర్ చేతుల్లో అప్పుడే వచ్చిన టెస్ట్ రిపోర్టు, ముఖంలో వెలుగు. ప్రొఫెసర్ వేలితో చెవి మిషన్ మీట నొక్కాడు. వదిన పాయింటర్ ఎక్కుపెట్టింది. ఇప్పుడు చుక్క పచ్చగా మారింది. హాల్లో దాన్ని ఆపేసి కూర్చున్నాడన్నమాట.

ఆమె భుజం వెనక్కి లాగి తలుపు గుద్దబోయింది. ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. ముందు సెంటు వాసన వచ్చింది, తరవాత మనిషి.

"గుద్దకు వదినా," అంది మరదలు. రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది.

"ఆ చెయ్యి బయటికి తియ్యి."

తీసింది. వేళ్ళ మధ్య కారు తాళం చెవి వేలాడుతోంది. "ఇన్వెస్టర్ కింద పార్కింగ్‌లో కారులో ఉన్నాడు. దరఖాస్తు అంతా నింపి పెట్టుకున్నాడు. సీల్ దేనితో చేశారో ఆ ఒక్క గడే ఖాళీ. ఆ చెవి మిషన్ నుంచి మాట వినపడగానే నింపి పంపేస్తాడు. తలుపు పగిలిన చప్పుడు వినిపించిందనుకో, లాప్‌టాప్ తగలబెట్టి నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. సాక్ష్యమంతా అందులోనే ఉంది."

"నీ స్కార్ఫ్‌లో ఉన్నదేంటి?"

"పెదనాన్న ఇచ్చిందే. దాని సిగ్నల్ పట్టుకునే తోడల్లుడి వ్యాన్ గేటు దాకా వచ్చింది."

"నాతో నువ్వు మాయమైపోయావని చెప్పాడు."

"నాతో నిన్ను రిటైర్ చేశామని చెప్పాడు." మరదలు పెదవి విరిచింది. "పెద్దవాళ్ళు అంతే. ఎవరి చెవిలో ఏది వెయ్యాలో అదే వేస్తారు."

"నిన్నెలా నమ్మను?"

"నమ్మకు. నమ్మకుండానే సాయం చెయ్యి. వ్యాన్ కారుని చుట్టేదాకా ఆ అమ్మాయి నోరు తెరవకూడదు. లోపల ఏదో జరుగుతోందని వాడికి అనుమానం కూడా రాకూడదు."

వదిన ఆ కళ్ళలోకి చూసింది. ఎప్పుడూ అర్థం కాని కళ్ళు. తనే అలా ఉంచుకోవడం నేర్పింది. "వెళ్ళు. వాడి పక్కన కూర్చో," అంది. ఎత్తు మడమల చెప్పుల చప్పుడు మెట్ల మీద కిందికి జారిపోయింది.

తలుపు కొట్టకూడదు. అరవకూడదు. వింటున్నవాడికి అనుమానం రాకుండా ఒక సంభాషణని తుంచెయ్యాలి. వదిన కారిడార్ అటు చివర చూసింది. డైరెక్టర్ టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి, ఇంకా ఎవరితోనో మనసులో వాదించుకుంటున్నాడు.

"సార్, ఇందాక తొందరపడ్డాను," అంది వదిన దగ్గరికెళ్ళి. "మీ నాలుగు వలయాల మోడల్ అద్భుతం. కానీ లోపల విజిటింగ్ ప్రొఫెసర్ గారు అది తనదని ఆ అమ్మాయికి చెబుతున్నారు."

డైరెక్టర్ టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు. సాసర్ చేతిలోనే ఉండిపోయిందన్న సంగతి గమనించలేదు. "ఏమన్నాడు?"

"తనే కనిపెట్టానన్నారు. మీ పేరు కూడా ఎత్తలేదు."

ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీశాడు.

*

లోపల విజిటింగ్ ప్రొఫెసర్ ముందుకి వంగాడు. "ఇన్ని ఓటములు దాటి వచ్చావమ్మా. చివరికి నీ మాట విన్నది ఏది? ఆ సీల్ దేనితో చేశావు?"

ఫౌండర్ రిపోర్టు గుండెకి ఆనించుకుంది. ఈ మాట చెప్పుకోవడానికి ఆమెకి ఇన్నాళ్ళూ మనిషి దొరకలేదు. "అది మీరు నమ్మరు సార్. అందరూ పారేసే…"

తలుపు తెరుచుకుంది.

"నాలుగు వలయాలు ఎవరివి?" అన్నాడు డైరెక్టర్, చేతిలో సాసర్‌తో.

"సార్, ఇంటర్వ్యూ…"

"ఇంటర్వ్యూ తరవాత. ముందు ఇది తేలాలి. మొదటి వలయం నేను గీసినప్పుడు మీరు ఈ దేశంలోనే లేరు. అప్పటికి మన దగ్గర ఒక్క ప్రైవేటు రాకెట్ లేదు. ఇన్నోవేషన్ అనేది లాబ్‌లో పుట్టదు, సంబంధాల్లో పుడుతుందని మొదట రాసింది ఎవరు?"

ఆయన బోర్డు మీద గియ్యడం మొదలుపెట్టాడు. కింద పార్కింగ్‌లో, కారు సీటులో, ఇన్వెస్టర్ చెవిలో పరికరం సవరించుకున్నాడు. "ఎవడు వీడు?" అన్నాడు.

"ప్రొఫెసర్లు. రోజూ ఉండేదే," అంది పక్కన కూర్చున్న మరదలు ఆవులిస్తూ. "కాసేపాగితే చల్లబడతాడు."

డైరెక్టర్ చల్లబడే రకం కాదు. రెండో వలయం దాటి మూడోదానిలోకి వెళ్ళాడు. వదిన చప్పుడు చెయ్యకుండా వచ్చి ఫౌండర్ పక్కన, రాసుకునే పలక బిగించిన కుర్చీలో కూర్చుంది. విజిటింగ్ ప్రొఫెసర్ ముఖంలో తాతయ్య నవ్వు అంచుల దగ్గర ఊడుతోంది. చెవి మిషన్‌లోంచి ఎవరో తొందరపెడుతున్నట్టు అతని దవడ కదిలింది.

"ఒక్క మాట అమ్మా," అన్నాడు ఫౌండర్‌తో. "ఒక్క మాట చెప్పేసెయ్. వీళ్ళ గొడవ మనకెందుకు?"

"సార్, అదీ…" ఆమె నోరు తెరిచింది.

"ఆవిడ డేటా," అన్నాడు డైరెక్టర్ వెనక్కి తిరగకుండా. "డేటా మధ్యలో మాట్లాడకూడదు."

విజిటింగ్ ప్రొఫెసర్ లేచి నిలబడ్డాడు. కోటులోంచి బయటికొచ్చిన చేతిలో చిన్న పిస్తోలు ఉంది. గొంతులో ఇప్పుడు శుభ్రత తప్ప మరేమీ లేదు. "దేనితో చేశావో చెప్పు."

ఫౌండర్ ముఖం పాలిపోయింది. పిస్తోలు చూసి కాదు. ఇన్నాళ్ళూ తన ఏడుపు విన్న మనిషిని చూసి.

డైరెక్టర్ సుద్దముక్కతో వెనక్కి తిరిగాడు. చెయ్యెత్తి ఉన్న మనిషి కనిపించాడు. "ప్రశ్నలు చివర్లో," అన్నాడు.

విజిటింగ్ ప్రొఫెసర్ కళ్ళు రెప్పపాటు అటు తిరిగాయి. వదినకి అది చాలు. కుర్చీకి బిగించిన పలకని కింది నుంచి బలంగా ఎగరేసింది. దాని అంచు అతని మణికట్టుకి తగిలింది. పిస్తోలు ఎగిరి బోర్డు కింద పడింది. రెండో దెబ్బకి అతను మోకాళ్ళ మీదికి వచ్చాడు. చెవి మిషన్ ఊడి నేల మీద గిరగిరా తిరిగింది.

కింద ఇన్వెస్టర్‌కి చెవిలో కీచుమని శబ్దం. అర్థమైపోయింది. ఖాళీ గడిలో ఏదో ఒక లోహం పేరు కొట్టి పంపేద్దామని వేలు మీట మీదికి తెచ్చాడు. మరదలు లాప్‌టాప్ మూత అతని వేళ్ళ మీదే మూసి, దాని మీద కూర్చుంది. అతను రెండో చేత్తో కారు స్టార్ట్ చెయ్యబోయాడు. తాళం చెవి లేదు. తలెత్తేసరికి నాలుగు వైపులా అద్దాల దగ్గర మనుషులు. ముందు నిలబడ్డ తోడల్లుడు మర్యాదగా అద్దం మీద తట్టాడు.

*

దరఖాస్తు సాయంత్రమే దాఖలైంది. ఫౌండర్ పేటెంట్ ఆఫీసు మెట్లు దిగుతుంటే తమ్ముడు తాళాలు పట్టుకుని ముందు నడిచాడు. ఆమె ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది.

"అక్కా," అంది వదినతో. ఇప్పుడు మేడమ్ పోయి అక్క వచ్చింది. "ఆయన దొంగే. ఒప్పుకుంటాను. కానీ నిజంగానే బాగా విన్నాడు. ఇకమీదట ఎవరైనా బాగా వింటుంటే భయమేస్తుందేమో."

"వింటున్నవాళ్ళని కాస్త తిట్టి చూడు. కోపం వస్తే నీవాళ్ళే."

ఆమె నవ్వలేదు. తమ్ముడిని పిలిచి, "ఒరేయ్, ఆ పాడైన ముక్కల అట్టపెట్టె ఎక్కడ పెట్టావురా? ఇంటికెళ్ళాక కూర్చుని చూద్దాం," అంది.

"ఇప్పుడా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు వాడు గట్టిగా విసుక్కుంటూ. ఆమె ముఖం అప్పుడు విచ్చుకుంది.

రోడ్డుకి అటువైపు మరదలు టాక్సీ కోసం నిలబడి ఉంది. స్కార్ఫ్ తీసేసింది. వదిన వెళ్ళి పక్కన నిలబడింది.

"ఇంకా నమ్మలేదా?" అంది మరదలు.

"సగం."

"అది ఎక్కువే."

ఫోన్ మోగింది. కొత్త నంబరు. వదిన ఎత్తింది. అటువైపు డైరెక్టర్. పోలీసులు తన వాఙ్మూలం తీసుకున్నారట. గదిలో తను మాట్లాడినదంతా రికార్డయిందట, కోర్టులో మొదటి నుంచి చివరి దాకా వినిపించాలట. ఆయన గొంతులో భయం లేదు, ఒక చిన్న సందేహం మాత్రం ఉంది.

"ఏం లేదు మేడమ్. ఈ ఏడాది నా రిపోర్టులో దాన్ని ఇన్వైటెడ్ లెక్చర్ కింద చూపించుకోవచ్చా?"